బ్యాకప్ నివేదికకు షెల్ స్క్రిప్టు: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

హనుమకొండలోని డయాగ్నొస్టిక్ సెంటర్లు, కాజీపేట వైపు కళాశాలలు, ఎనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న అడ్తి (కమీషన్) దుకాణాలు, జమ్మికుంట, పరకాల ప్రాంతాల పత్తి మిల్లులు ఇప్పుడు తమ లెక్కలన్నీ కంప్యూటర్లోనే ఉంచుకుంటున్నాయి. వాటిలో చాలా చోట్ల ఒక మూల చిన్న లైనక్స్ సర్వరు గానీ, కిరాయికి తీసుకున్న క్లౌడ్ సర్వరు గానీ ఉంటుంది, దానికి రాత్రిపూట బ్యాకప్ కూడా ఎవరో ఒకరు పెట్టి వెళ్లి ఉంటారు. అయితే నిన్న రాత్రి బ్యాకప్ అయిందా అని అడిగితే ‘రోజూ అవుతూనే ఉంటుంది’ అనే సమాధానమే ఎక్కువగా వస్తుంది తప్ప, ఎన్ని గంటలకు ముగిసింది, ఎంత పరిమాణంలో వచ్చింది, తెరిస్తే తెరుచుకుంటుందా అన్నది చెప్పగలిగినవారు అరుదు. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వచ్చిన రోగి రెండేళ్ల కిందటి థైరాయిడ్ రిపోర్టు అడిగిన రోజున ఆ సమాధానం ఎవరికీ పనికిరాదు.

ఈ లోటును తీర్చడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒకటి రెండు పేజీల షెల్ స్క్రిప్టు, అంటే లైనక్స్ ఆదేశాలను వరుసగా రాసిన ఫైలు, చాలు. కానీ ఆ స్క్రిప్టును ఎన్నో విధాలుగా రాయవచ్చు. దేనిని చూసి నివేదిక ఇవ్వాలి, ఏ భాషలో రాయాలి, ఎప్పుడు నడపాలి, ఎవరికి ఎలా పంపాలి అన్న ప్రతి చోటా రెండు మూడు దారులున్నాయి, వాటిలో కొన్ని చూడటానికి తేలికగా ఉండి అసలు అవసరమైన రాత్రి అబద్ధం చెబుతాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను: నివేదిక బ్యాకప్ ప్రోగ్రాం మాటను నమ్మకుండా తయారైన కాపీనే చూడాలి, బ్యాకప్ పనికి వేరుగా నడవాలి, ఒక రోజు నివేదిక రాకపోతే ఆ సంగతి గమనించేవారు మరొకరు ఉండాలి.

దేనిని చూసి చెప్పాలి: ఎగ్జిట్ కోడ్, లాగ్, కాపీ

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసిన ఎంపిక ఇదే. మొదటి దారి, బ్యాకప్ ఆదేశం ముగిశాక అది ఇచ్చే ఎగ్జిట్ కోడ్‌ను, అంటే ఫలితాన్ని సూచించే అంకెను, చూడటం. సున్నా అయితే మంచిది, కాకపోతే చెడ్డది అని రాసేస్తే స్క్రిప్టు రెండు వరుసల్లో అయిపోతుంది. చిక్కేమిటంటే, సున్నా కాని అంకెలన్నీ ఒకే రకంవి కావు, ఒకే అంకెకు అన్ని ప్రోగ్రాముల్లో ఒకే అర్థమూ లేదు. ఫైళ్లన్నిటినీ ఒకే కట్టగా (ఆర్కైవ్) చేసే గ్నూ టార్‌లో 1 అంటే ఆ కట్ట తయారవుతుండగా కొన్ని ఫైళ్లు మారాయని మాత్రమే, 2 అంటే పని చెడిందని. బోర్గ్ అనే బ్యాకప్ ప్రోగ్రాం మామూలు అమరికలో 1 హెచ్చరిక, 2 తప్పు. రెస్టిక్ అనే మరో ప్రోగ్రాంలో మాత్రం 1 అంటే పని పూర్తిగా విఫలమైందని, 3 అంటే కొన్ని ఫైళ్లను చదవలేకపోయినా అసంపూర్ణమైన కాపీ ఒకటి తయారైందని. రెస్టిక్ 0.17 వెర్షన్ నుంచి రిపాజిటరీ (కాపీలు దాచే చోటు) కనిపించకపోతే 10, దానికి తాళం వేయలేకపోతే 11 అనే కొత్త కోడ్లు కూడా వచ్చి చేరాయి.

ఫైళ్లను ఒక చోటి నుంచి మరో చోటికి కాపీ చేసే ఆర్‌సింక్ సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో చిన్న సంస్థల బ్యాకప్‌లు ఎక్కువగా దానితోనే నడుస్తున్నట్టు నాకు కనిపిస్తుంది. అందులో 23 అంటే తప్పు జరగడం వల్ల కొంత భాగమే బదిలీ అయిందని, 24 అంటే జాబితా తయారుచేసేటప్పుడు ఉన్న ఫైళ్లు కాపీ చేసే సమయానికి మాయమయ్యాయని. పని చేస్తున్న సర్వరులో తాత్కాలిక ఫైళ్లు వస్తూ పోతూ ఉంటాయి గనుక 24 రావడం సహజం. దానిని వైఫల్యంగా లెక్కిస్తే రోజూ ఎర్రగా ఉన్న నివేదిక వస్తుంది, కొద్ది రోజులకే దాన్ని చదవడం మానేస్తారు, 23 వచ్చిన రోజున కూడా చదవరు. కాబట్టి ఎగ్జిట్ కోడ్ మీద ఆధారపడే స్క్రిప్టులో ఏ ప్రోగ్రాముకు ఏ అంకె ఏమి చెబుతుందో ఒక కేస్ నిర్మాణంలో విడివిడిగా రాయాలి, తెలియని అంకె ఏది వచ్చినా వైఫల్యంగానే చూపాలి.

ఒక ఆదేశం ఫలితాన్ని నేరుగా మరో ఆదేశానికి అందించే పైపు విషయంలో మరో ప్రమాదం ఉంది. డేటాబేస్ మొత్తాన్ని బయటికి తీసి రాసే (డంప్ చేసే) మైఎస్‌క్యూఎల్‌డంప్ ఇచ్చే సమాచారాన్ని పైపు ద్వారా, ఫైళ్లను కుదించే జీజిప్‌కు పంపి ఫైలుగా రాయడం అందరూ చేసే పనే. ఆదేశాలను నడిపే షెల్ మాత్రం పైపులో చివర ఉన్న ఆదేశం కోడ్‌నే చూపిస్తుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ మారి డంప్ మొదట్లోనే ఆగిపోయినా, జీజిప్ తనకు వచ్చిన శూన్యాన్ని శ్రద్ధగా కుదించి సున్నా కోడ్‌తో ముగుస్తుంది. ఫలితంగా 20 బైట్ల ఫైలు ఒకటి ఆ రోజు తేదీతో తయారవుతుంది, నివేదికలో ‘విజయం’ అని వస్తుంది. బాష్ అనే షెల్‌లో, పైపులో ఏ ఆదేశం చెడినా చెప్పే పైప్‌ఫెయిల్ అమరికను పెట్టుకోవడం గానీ, ఒక్కో ఆదేశం కోడ్‌ను చూపే పైప్‌స్టేటస్ అనే శ్రేణిని చూడటం గానీ దీనికి మందు. స్క్రిప్టు మొదటి వరుసలో ఎస్‌హెచ్ అని కాక బాష్ అనే రాయాలన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఉబుంటులో 6.10 నుంచి, డెబియన్‌లో 6.0 నుంచి ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే చిన్న షెల్, అందులో పైప్‌స్టేటస్ లేదు.

రెండో దారి లాగ్ ఫైలును, అంటే ప్రోగ్రాం తన పని గురించి రాసే చిట్టాను, గ్రెప్ అనే ఆదేశంతో వెదకడం. చాలామంది ఇక్కడే మొదలుపెడతారు, ఇక్కడే ఆగిపోతారు. ‘ఎర్రర్’ అనే మాట ఉందా లేదా అని చూస్తే, తప్పులేవీ లేవని ‘ఎర్రర్స్: 0’ అని చెప్పే వరుస కూడా తప్పుగానే లెక్కకు వస్తుంది, ఏదో ఫోల్డరులో ఎర్రర్ అనే పేరుతో ఫైలు ఉంటే అదీ లెక్కకు వస్తుంది. ‘విజయం’ అనే మాట కోసం వెదికితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే నిన్న బ్యాకప్ అసలు మొదలు కాకపోయినా మొన్నటి విజయం వరుస లాగ్‌లో అలాగే ఉండి స్క్రిప్టును తృప్తి పరుస్తుంది. ప్రోగ్రాం వెర్షన్ మారి మాటల క్రమం మారినా స్క్రిప్టు చడీచప్పుడు లేకుండా చెడుతుంది. లాగ్‌ను తీర్పుకు వాడవద్దు, కారణం చూపడానికి వాడండి. వైఫల్యం అని వేరే విధంగా తేలిన తరువాత లాగ్‌లోని చివరి 20 వరుసలను నివేదికకు జత చేస్తే సరిచేసేవారికి పని తగ్గుతుంది, లాగ్ వల్ల ఒనగూరే మేలు అంతవరకే.

మూడో దారి, తయారైన కాపీనే పరీక్షించడం. నేను దీనితోనే మొదలుపెట్టమంటాను. ఇది బ్యాకప్ ప్రోగ్రాం ఏదైనా పనిచేస్తుంది, బ్యాకప్ నడవకపోయినా సరిగ్గా చెబుతుంది, ఎగ్జిట్ కోడ్ దాచిన విషయాన్ని కూడా బయటపెడుతుంది. కాపీ కొత్తదా, తగినంత ఉందా, తెరుచుకుంటుందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు వస్తే చాలు.

కొత్తదా అన్నదానికి ఫైండ్ ఆదేశంలో నిమిషాలతో లెక్కించే ఎమ్‌మిన్ ఎంపిక సరిపోతుంది. 24 గంటల గడువు పెడితే, ఒక రాత్రి పది నిమిషాలు ఆలస్యంగా ముగిసిన బ్యాకప్ కూడా తప్పుగా కనిపిస్తుంది గనుక 26 గంటలు, అంటే 1560 నిమిషాలు పెట్టడం మేలు. ఫైలు పేరులోని తేదీని నమ్మి వెదకడం కంటే ఈ పద్ధతి భద్రమని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. క్లౌడ్ సర్వర్లు సాధారణంగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తాయి, మన సమయం దానికి అయిదున్నర గంటలు ముందు. మనకు 15వ తేదీ తెల్లవారుజామున 2 గంటలు అయినప్పుడు ఆ సర్వరులో ఇంకా 14వ తేదీ రాత్రి 8:30. పేరులో 15 కోసం వెదికే నివేదిక, ఉన్న కాపీని లేదని చెబుతుంది. ఇదే తేడా వల్ల, పనులను నిర్ణీత సమయానికి నడిపే క్రాన్‌లో 2 గంటలని రాసిన బ్యాకప్ ఇక్కడ ఉదయం 7:30కు, సరిగ్గా పరగడుపు పరీక్షలకు జనం వరుస కట్టే వేళకు మొదలవుతుంది. సర్వరు సమయ మండలాన్ని మార్చడం కుదరకపోతే స్క్రిప్టులోనైనా ఏషియా/కోల్‌కతా అని స్పష్టంగా పెట్టుకోవాలి.

తగినంత ఉందా అన్నది తీర్మానించడం కొంచెం కష్టం. ‘ఒక జీబీ కంటే తక్కువైతే తప్పు’ లాంటి స్థిరమైన హద్దు పెట్టడం సులభమే గానీ, అక్టోబరులో పత్తి, ఫిబ్రవరి నుంచి మిర్చి రావడం మొదలయ్యాక మార్కెట్ దుకాణాల రోజువారీ ఎంట్రీలు అమాంతం పెరుగుతాయి, వానాకాలంలో అంతే త్వరగా తగ్గుతాయి. సీజన్లో పెట్టిన హద్దు తరువాత అనవసరంగా అరుస్తుంది, అన్‌సీజన్లో పెట్టింది సీజన్లో ఏమీ పట్టుకోదు. పూర్తి డేటాబేస్ డంప్ అయితే నిన్నటి ఫైలుతో పోల్చడం మంచిది. లెక్కల పుస్తకం రోజురోజుకూ పెరగాలి తప్ప తగ్గకూడదు గనుక, పాత ఎంట్రీలు ఎవరూ తీసేయని చోట పదో వంతు తగ్గినా అనుమానించవలసిందే. మార్పులను మాత్రమే దాచే ఇంక్రిమెంటల్ బ్యాకప్‌కు ఈ సూత్రం పనికిరాదు. ఆదివారం మార్కెట్ సెలవు, ఆ రాత్రి కాపీ చిన్నదిగానే ఉంటుంది. అటువంటి చోట పరిమాణాన్ని నివేదికలో చూపించి వదిలేయడమే న్యాయం, దాని మీద తీర్పు చెప్పకూడదు.

తెరుచుకుంటుందా అన్నదానికి జీజిప్‌లోని పరీక్ష ఎంపిక చాలనుకుంటారు. కానీ పైన చెప్పిన 20 బైట్ల ఖాళీ ఫైలు కూడా ఆ పరీక్షలో గెలుస్తుంది, ఎందుకంటే అది సక్రమంగా కుదించిన ఖాళీ. కాబట్టి డంప్ విషయంలో చివరి వరుసను చదవాలి. మైఎస్‌క్యూఎల్ డంప్ సక్రమంగా ముగిస్తే ‘డంప్ కంప్లీటెడ్’ అనే వ్యాఖ్యను తేదీతో సహా చివర రాస్తుంది, వ్యాఖ్యలు వద్దని ఆదేశంలో చెప్పి ఉంటే తప్ప. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ మామూలు డంప్‌లో కూడా చివర్లో అటువంటి వ్యాఖ్యే ఉంటుంది. జీక్యాట్‌తో తెరిచి టెయిల్‌తో చివరి వరుసలు తీసి ఆ వ్యాఖ్య ఉందో లేదో చూడటం ఒకే వరుస పని, కానీ నివేదిక మొత్తంలో అంతకంటే విలువైన వరుస మరొకటి ఉండదని నా నమ్మకం. బోర్గ్, రెస్టిక్ వాడేవారు వాటిలోని చెక్ ఆదేశాన్ని వారానికొకసారి నడిపి, చివరిసారి ఎప్పుడు నడిచిందో రోజువారీ నివేదికలో చూపాలి.

బయటి యూఎస్‌బీ డిస్కుకు బ్యాకప్ తీసుకునే దుకాణాలకు ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరం. డిస్కు కేబుల్ ఊడిపోయినా, ఎవరైనా ఛార్జరు పెట్టుకోవడానికి ప్లగ్ తీసినా, ఆ డిస్కును జోడించే (మౌంట్ చేసే) ఫోల్డరు మాత్రం సర్వరు సొంత డిస్కు మీద ఖాళీగా అలాగే ఉంటుంది. ఆర్‌సింక్ ఆ ఫోల్డరులోకే కాపీ చేస్తుంది, సున్నా కోడ్ ఇస్తుంది, ఫైండ్‌కు కొత్త ఫైళ్లు కనిపిస్తాయి, చివరి వరుసా ఉంటుంది. కాపీ మాత్రం అసలు ఫైళ్లున్న డిస్కు మీదే ఉంటుంది. మౌంట్‌పాయింట్ అనే చిన్న ఆదేశంతో ఆ ఫోల్డరులో నిజంగా వేరే డిస్కు ఉందో లేదో ముందే అడగటం తప్పనిసరి.

షెల్, పైథాన్, సిద్ధంగా దొరికే సాధనాలు

ఒకటి రెండు సర్వర్లు, నాలుగైదు బ్యాకప్ పనులు ఉన్న చోట షెల్ స్క్రిప్టే నా ఎంపిక. ఫైండ్, స్టాట్, డీఎఫ్, టెయిల్ ఏ లైనక్స్‌లోనైనా ఉంటాయి, అదనంగా ఏమీ వేయనక్కరలేదు, పదేళ్ల తరువాత వేరొకరు తెరిచినా చదవగలుగుతారు. రాసిన స్క్రిప్టును షెల్‌చెక్ అనే ఉచిత సాధనానికి ఒకసారి చూపిస్తే, కొటేషన్ గుర్తులు మరచిపోవడం వంటి లోపాలు చాలావరకు బయటపడతాయి. ఫోల్డర్ల పేర్లలో ఖాళీలు ఉండే మన సంస్థల్లో ఇది మరీ ముఖ్యం.

స్క్రిప్టులో గత నెల పరిమాణాలతో పోలికలు, జేసన్ అనే డేటా రూపంలో వచ్చే ఫలితాలను విడదీయడం, దశాంశాల లెక్కలు మొదలయ్యాయంటే షెల్‌ను సాగదీయవద్దు. బోర్గ్, రెస్టిక్ రెండూ జేసన్ ఇవ్వగలవు, దానిని ఆక్, సెడ్ అనే షెల్ సాధనాలతో కోయడం కంటే పైథాన్‌తో చదవడం ఎంతో మేలు. పైథాన్‌తో పాటే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ వస్తుంది గనుక రోజువారీ చరిత్రను దాచుకోవడమూ తేలికే.

బకులా, బేరియోస్, అమాండా వంటి పూర్తి స్థాయి బ్యాకప్ వ్యవస్థలు నడిపే కళాశాలలు, పెద్ద ఆసుపత్రులు తమ నివేదికను మళ్లీ మొదటి నుంచి రాయవలసిన పని లేదు. బకులా ప్రతి పని స్థితిని కేటలాగ్ డేటాబేస్‌లో ఒక్క అక్షరంతో దాస్తుంది: టీ అంటే సక్రమంగా ముగిసింది, పెద్ద ఈ అంటే తప్పుతో ముగిసింది, చిన్న ఎఫ్ అంటే పూర్తిగా చెడింది, ఏ అంటే రద్దయింది. నిన్నటి పనులలో టీ కానివన్నీ చూపమని కేటలాగ్‌ను అడిగే చిన్న షెల్ స్క్రిప్టు, ఆ వ్యవస్థ పంపే పొడవైన మెయిళ్లన్నిటికంటే త్వరగా చదివిస్తుంది. ఇప్పటికే నాగియోస్ వంటి పర్యవేక్షణ ఉన్న చోట మన స్క్రిప్టు 0 సరి, 1 హెచ్చరిక, 2 ప్రమాదం, 3 తెలియదు అనే దాని సంప్రదాయం ప్రకారం కోడ్ ఇస్తే చాలు, మిగతా పని అదే చూసుకుంటుంది. ఒక్క సర్వరు ఉన్న దుకాణంలో ఆ పర్యవేక్షణను కొత్తగా పెట్టడం మాత్రం నేను సూచించను. బ్యాకప్ కంటే దానినే ఎక్కువగా కనిపెట్టుకోవలసి వస్తుంది.

క్రాన్, సిస్టమ్‌డీ టైమర్

సర్వరు రాత్రింబవళ్లు నడిచే చోట క్రాన్ చాలు. అందులో రెండు పాత ఉచ్చులున్నాయి. క్రాన్ పనుల జాబితా అయిన క్రాన్‌ట్యాబ్ వరుసలో శాతం గుర్తును రాస్తే క్రాన్ దానిని కొత్త వరుసగా మారుస్తుంది, కాబట్టి తేదీ రూపాన్ని అక్కడ రాయకుండా స్క్రిప్టు ఫైలు లోపల రాయాలి. రెండోది, క్రాన్‌కు తెలిసిన ఆదేశాల దారులు చాలా తక్కువ కావడం వల్ల, చేతితో నడిపినప్పుడు పనిచేసిన స్క్రిప్టు రాత్రి ఆదేశం దొరకలేదని ఆగిపోవచ్చు, దారులన్నీ స్క్రిప్టు మొదట్లోనే పెట్టుకోవాలి.

అయితే మన దగ్గర చాలా దుకాణాల్లో రాత్రి తాళం వేసేటప్పుడు మెయిన్ స్విచ్ కూడా కట్టేస్తారు. వేసవి గాలివానలకు కరెంటు గంటల తరబడి పోతే ఇన్వర్టరు కూడా చేతులెత్తేస్తుంది. క్రాన్ తప్పిపోయిన పనిని మళ్లీ చేయదు. లైనక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ టైమరులో పర్సిస్టెంట్ అమరికను పెడితే, యంత్రం ఆగి ఉన్నప్పుడు తప్పిపోయిన పని మళ్లీ ఆన్ చేయగానే నడుస్తుంది. అనాక్రాన్ కూడా రోజుల లెక్కన అదే సాయం చేస్తుంది. కాబట్టి రాత్రి ఆపేసే యంత్రాలకు సిస్టమ్‌డీ టైమరే మేలు. కానీ ఉదయం ఆన్ చేసిన వెంటనే బ్యాకప్ మొదలైతే సరిగ్గా వేలం పాటల వేళకు కంప్యూటరు నెమ్మదిస్తుంది, అడ్తి దుకాణాలకైతే సాయంత్రం దుకాణం కట్టే ముందు నడపడమే నయం.

ఏది ఎంచుకున్నా నివేదికను బ్యాకప్ స్క్రిప్టు చివరి వరుసగా మాత్రం పెట్టవద్దు. బ్యాకప్ మధ్యలో చచ్చిపోతే నివేదికా దానితోనే చచ్చిపోతుంది, డిస్కు నిండినా అంతే, రెండో బ్యాకప్ మొదటిదాని మీద వచ్చి పడినా అంతే. నివేదిక వేరే స్క్రిప్టుగా, వేరే సమయంలో, కుదిరితే వేరే యంత్రం నుంచి నడవాలి. బ్యాకప్‌లు ఒకదానిమీదొకటి పడకుండా ఎఫ్‌లాక్‌తో తాళం వేయడం అవసరమే, ఆ తాళం వల్ల పని వాయిదా పడిన సంగతి కూడా నివేదికలో రావాలి.

ఎవరికి, ఎలా చేరాలి

నివేదిక సరిగ్గా తయారై కూడా చేరకపోవడం ఎంత పని చేస్తుందో, సాఫ్ట్‌వేర్ కోడ్ దాచే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థ తన అనుభవాన్ని బహిరంగంగా రాసి చూపింది. 2017 జనవరి 31న ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేస్ ఫోల్డరును తొలగించినప్పుడు వారు బ్యాకప్ కోసం వెదికితే, దాచే చోటు ఖాళీగా కనిపించింది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 కాగా డంప్ తీసే ప్రోగ్రాం 9.2 కావడంతో డంప్‌లు విఫలమవుతూ వచ్చాయి. విఫలమైనప్పుడల్లా క్రాన్ మెయిల్ పంపింది కూడా. కానీ ఆ మెయిళ్లకు తగిన సంతకం లేకపోవడంతో నకిలీ మెయిళ్లను అడ్డుకునే డీమార్క్ నియమం ప్రకారం స్వీకరించే వైపు వాటిని తిరస్కరించారు. అదృష్టవశాత్తు ఆరు గంటల కిందట చేతితో తీసిన డిస్క్ స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) ఒకటి ఉండటం వల్ల ఆ ఆరు గంటల సమాచారంతో నష్టం ఆగింది. వారు వైఫల్యం జరిగినప్పుడే మెయిల్ వచ్చే పద్ధతిని ఎంచుకున్నారు గనుక, మెయిల్ రాకపోవడం అంటే అంతా బాగుందని అర్థమైంది.

అందుకే వైఫల్యం జరిగినప్పుడే నివేదిక, రోజూ నివేదిక అనే రెండింటిలో నేను రోజూ నివేదికనే ఎంచుకుంటాను, అది ఒకే వరుసలో ఉండాలన్న షరతుతో. సందేశం మొదట్లోనే తీర్పు రావాలి, ఉదాహరణకు ‘సరి: 3లో 3, చివరిది 02:14, 4.2 జీబీ, డిస్కు ఖాళీ 61 శాతం, బయటి కాపీ ఉంది’ అన్నట్టుగా. వివరాలు కింద ఉండవచ్చు, చదవకపోయినా నష్టం లేదు. ఆ వరుసలో బయటి కాపీ గురించిన మాట తప్పకుండా ఉండాలి. 2023 జూలై చివరి వానలకు హనుమకొండలో నయీంనగర్ వంటి చోట్ల ఇళ్లలోకి, దుకాణాల్లోకి నీళ్లు వచ్చాయి. కింది అంతస్తులో సర్వరు, దాని పక్కనే బ్యాకప్ డిస్కు పెట్టుకున్నవారికి అటువంటి రోజున రెండూ ఒకేసారి పోతాయి.

రోజూ వచ్చే నివేదిక ఒక రోజు రాకపోతే మనిషి గమనిస్తాడన్న నమ్మకమూ పెట్టుకోకూడదు. హెల్త్‌చెక్స్ వంటి ఓపెన్‌సోర్స్ సేవకు నివేదిక పూర్తయ్యాక వెబ్ చిరునామాలను పిలిచే కర్ల్ ఆదేశంతో ఒక చిన్న పిలుపు పంపేలా చేస్తే, నిర్ణీత సమయానికి ఆ పిలుపు అందకపోయినప్పుడు ఆ సేవే హెచ్చరిక పంపుతుంది. ఇంటర్నెట్ మీద ఆధారపడటం ఇష్టం లేకపోతే, రెండు బ్రాంచీలున్న సంస్థలు కరీంనగర్ సర్వరు వరంగల్ సర్వరును, వరంగల్ సర్వరు కరీంనగర్ దానిని చూసుకునేలా పెట్టుకోవచ్చు.

చేరవేసే మార్గాల్లో మెయిల్ పాతదే అయినా రికార్డుగా నిలుస్తుంది. సర్వరులో మెయిల్ పంపే ప్రోగ్రాం లేకపోతే డెబియన్, ఉబుంటుల్లో క్రాన్ తన ఫలితాన్ని పారేస్తుంది, ఆ సంగతి సిస్టమ్ లాగ్‌లో మాత్రమే కనిపిస్తుంది. ఎమ్ఎస్ఎమ్‌టీపీ వంటి చిన్న ప్రోగ్రాంతో ఖాతా ద్వారా పంపడం సులభం. జీమెయిల్ ఖాతా వాడేవారు మామూలు పాస్‌వర్డుతో పంపడం 2022 మే 30 నుంచి కుదరడం లేదు, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకొని యాప్ పాస్‌వర్డు తీసుకోవాలి.

యజమాని మెయిల్ చూడరు, ఫోన్ మాత్రం చేతిలోనే ఉంటుంది అన్న చోట టెలిగ్రామ్ బాట్ నా మొదటి సలహా. ఖర్చు లేదు, కర్ల్ ఒక్కటి చాలు, ఒక సందేశంలో 4096 అక్షరాలు పడతాయి, యజమాని, గుమస్తా, సర్వరు చూసేవారు ముగ్గురూ ఒకే గ్రూపులో ఉండవచ్చు. బాట్ టోకెన్ (దాని రహస్య సంకేతం) వెబ్ చిరునామాలో భాగంగా ఉంటుంది గనుక ఆదేశ వరుసలో రాస్తే సర్వరులోని ఇతర వాడుకరులకు కనిపిస్తుంది. దానిని స్క్రిప్టు నడిపే వాడుకరికి మాత్రమే చదివే అనుమతి ఉన్న అమరిక ఫైలులో పెట్టి కర్ల్‌కు చూపాలి. ఎస్ఎమ్ఎస్ మాత్రం చిన్న సంస్థకు భారమే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల వల్ల డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో సంస్థనూ, హెడరునూ, సందేశ నమూనానూ ముందుగా నమోదు చేసుకోవాలి. పైగా ఇంగ్లీషులో ఒక ఎస్ఎమ్ఎస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే పడతాయి.

నివేదిక తెలుగులో ఉండాలా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. ఉదయం దుకాణం తెరిచి మొదట చూసేది గుమస్తా అయితే తెలుగులోనే ఉండాలని నేను గట్టిగా చెబుతాను, చదివి వెంటనే అర్థమయ్యే మాటకే మనిషి స్పందిస్తాడు. సాంకేతికంగా పెద్ద ఇబ్బంది లేదు. స్క్రిప్టు ఫైలును యూటీఎఫ్-8 అనే అక్షరాల ఎన్‌కోడింగ్‌లో దాచి, మెయిల్ శీర్షికల్లో అదే ఎన్‌కోడింగ్ అని చెప్పాలి. బాష్‌లోని ప్రింట్‌ఎఫ్ వెడల్పును బైట్లలో లెక్కిస్తుంది, తెలుగు వర్ణం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. అందువల్ల నిలువు వరుసల పట్టిక వంకరపోతుంది, పట్టిక బదులు ఒక్కో పనికి ఒక్కో వాక్యం రాయడం మేలు.

ఎంచుకునే ముందు, అప్పగించే ముందు

ఒక్క సర్వరు, యూఎస్‌బీ డిస్కు ఉన్న అడ్తి దుకాణానికి బాష్ స్క్రిప్టు, సిస్టమ్‌డీ టైమరు, మౌంట్‌పాయింట్ తనిఖీ, టెలిగ్రామ్‌లో ఒక తెలుగు వరుస సరిపోతాయి. డేటాబేస్‌తో నడిచే డయాగ్నొస్టిక్ సెంటరుకు డంప్ చివరి వరుస పరీక్ష, నిన్నటితో పరిమాణ పోలిక, హెల్త్‌చెక్స్ వంటి బయటి కావలి, మెయిల్‌తో పాటు ఫోన్ సందేశం అవసరం. నెలకొకసారి కాపీని వేరే యంత్రంలో తిరిగి తెరిచి చూసి, ఆ తేదీని ఒక ఫైలులో రాస్తే స్క్రిప్టు రోజూ ‘చివరి రీస్టోర్ పరీక్ష జరిగి ఇన్ని రోజులు’ అని చెప్పగలదు. పది సర్వర్లు దాటిన కళాశాలకు పైథాన్ గానీ, ఇప్పటికే ఉన్న పర్యవేక్షణ వ్యవస్థకు కోడ్ ఇచ్చే చిన్న స్క్రిప్టులు గానీ నయం.

ఏది రాసినా యజమానికి అప్పగించే ముందు దానిని కావాలని చెడగొట్టి చూడాలి. ఒక రోజు బ్యాకప్ ఫోల్డరు పేరు మార్చండి, నివేదిక ‘కాపీ లేదు’ అనాలి. మరో రోజు అసలు డంప్ స్థానంలో ఖాళీని కుదించిన 20 బైట్ల ఫైలు పెట్టండి, అది కొత్తదే అయినా ‘అసంపూర్ణం’ అనాలి. యూఎస్‌బీ డిస్కు కేబుల్ తీయండి, ‘డిస్కు లేదు’ అనాలి. చివరగా నివేదిక నడిచే టైమరునే ఆపివేసి, గడువు దాటాక బయటి కావలి నుంచి హెచ్చరిక ఎవరి ఫోనుకు వచ్చిందో చూడండి. ఆ ఫోను సర్వరు పెట్టినవారిది ఒక్కటే అయితే, వారు ఊళ్లో లేని రోజు కోసం దుకాణంలో ఉండే ఇంకొకరి నంబరును కూడా అదే గ్రూపులో చేర్చండి.